పాత ఎన్‌గ్రేవింగ్ కొనాలా, మంచి కాపీతో సరిపెట్టుకోవాలా?

ఆరేళ్ళ కిందట ఒక పాత సామాన్ల షాపులో మోదుగ కొమ్మ బొమ్మ కొన్నాను, పాత ఎన్‌గ్రేవింగ్, అంటే రాగి పలక మీద చెక్కి అచ్చువేసిన బొమ్మ, అనుకునే. నారింజ పువ్వులు, కింద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు, అంచుల్లో టీ ఒలికినట్టు గోధుమరంగు. "ఇది 1795 నాటి రాక్స్‌బర్గ్ బొమ్మ సార్, పుస్తకంలోంచి వచ్చిన ఒరిజినల్" అన్నాడు షాపాయన. బేరమాడితే మళ్ళీ దొరకదేమోనన్న భయంతో సరిగా బేరం కూడా ఆడలేదు. జీతంలో మూడో వంతు అక్కడ పెట్టి తెచ్చుకున్నాను.

మా బాబాయి విజయవాడలో నలభై ఏళ్ళు ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేసి రిటైరయ్యాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు చూపించాను. జేబులోంచి లూప్, అంటే చిన్న భూతద్దం, తీసి పువ్వు మీద ఆనించాడు. రెండు సెకన్లు కూడా చూడలేదు.

"ఒరేయ్, ఇది ఫోర్ కలర్ రా. మేం పెళ్ళికార్డులు కొట్టినట్టే కొట్టారు."

నేనూ కన్ను పెట్టి చూశాను. అక్కడ నారింజ రంగే లేదు. పసుపు చుక్కలు, గులాబీ చుక్కలు, మధ్యలో అక్కడక్కడా నీలం, నలుపు. రేకు అంచున నల్లగీత అనుకున్నది కూడా గీత కాదు, చుక్కల వరస. టీ రంగు వెనకవైపు కూడా అంతే సమంగా ఉంది. కాలం అంత పద్ధతిగా మరకలు వెయ్యదు.

ఆ బొమ్మ ఇప్పటికీ మా హాల్లోనే ఉంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, నేను కట్టిన ధరే బాలేదు. అప్పట్నుంచీ ఈ రకం బొమ్మల గురించి ఎవరడిగినా ముందు నేనడిగేది ఒకటే: నీకు కావలసింది బొమ్మా, వస్తువా? ఈ రెండూ కలగాపులగం చేసుకున్నవాళ్ళ దగ్గరే షాపులవాళ్ళు బాగుపడతారు.

తెలుగువాళ్ళకి ఈ రాక్స్‌బర్గ్ మీద మోజు ఎందుకో చెప్పాలి. విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లండ్ డాక్టరు, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1780లలో సామర్లకోటలో ఉంటూ చుట్టుపక్కల మొక్కల్ని ఇక్కడి చిత్రకారుల చేత గీయించాడు. ఆ బొమ్మలు లండన్ వెళ్ళాయి. జోసెఫ్ బ్యాంక్స్ అనే పెద్దమనిషి పర్యవేక్షణలో వాటిని రాగి పలకల మీద చెక్కించి, అచ్చువేసి, చేత్తో రంగులద్దించారు. 'కోరమండల్ తీరపు మొక్కలు' అన్న పేరుతో 1795 నుంచి దాదాపు పాతికేళ్ళ పాటు మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో వచ్చింది. మోదుగ, ముష్టి, నల్లజీడి, బట్టలకు ఎర్రరంగు ఇచ్చే చిరివేరు, అన్నీ మొదటి సంపుటంలోనే ఉన్నాయి. మొక్కల వర్ణనలో 'తెలింగ' పేరు అని మన పేర్లు కూడా ఇచ్చాడు. మన సోమిద చెట్టు పేరు తర్వాత సోయ్‌మిడా అని శాస్త్రీయ నామంలోకే ఎక్కింది. ఆయనకంటే ముందు కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో పోగుచేసిన రెండు వందల చేపల బొమ్మల పుస్తకం 1803లో వచ్చింది. అంతకుముందు 1796లో వచ్చిన ఆయన పాముల పుస్తకంలో రక్తపింజర పేరు 'కాటుక రేకుల పొడ' అని ఉంటుంది. లండన్‌లో అచ్చయిన పుస్తకంలో మన ఊరి మాట కనబడితే ఎవరికైనా కొనాలనే ఉంటుంది. అందుకే వీటికి కాపీలు కూడా అన్ని.

నాలుగు రకాలు, నాలుగు ధరలు

బజారులో 'పాత ఎన్‌గ్రేవింగ్' పేరుతో దొరికేవి నాలుగు రకాలు. ఆ కాలంలోనే ఆ పలక మీద అచ్చయిన ఒరిజినల్. అదే పలక మీద చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ తీసిన అచ్చు, దీన్ని రీస్ట్రైక్ అంటారు. ఫోటో పద్ధతుల్లో చేసిన పాత నకలు, అంటే ఫాక్సిమిలీ. చివరిది ఇప్పటి డిజిటల్ ప్రింట్.

వీటి మధ్య తేడా పట్టాలంటే ఒరిజినల్ ఎలా పుట్టిందో తెలియాలి. చదునైన రాగి పలక మీద సన్నటి ఉలితో గాళ్ళు చెక్కుతారు. పలకంతా సిరా పులిమి, గుడ్డతో పైన తుడిచేస్తే సిరా గాళ్ళలో మాత్రం మిగులుతుంది. తడిపిన కాగితం పైన పరిచి రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతూ తిప్పుతారు. కాగితం గాడిలోకి దిగి అక్కడి సిరాను పైకి లాక్కుంటుంది. అందుకే ఆరాక గీత కాగితం మీద కొంచెం ఉబ్బెత్తుగా నిలబడుతుంది. పలక అంచు కాగితంలో దిగబడి చుట్టూ ఒక చట్రంలా నొక్కు పడుతుంది. దీన్నే ప్లేట్ మార్క్ అంటారు. ఉలితో చెక్కిన గీత మొదలు సన్నగా, మధ్యలో లావుగా, చివర మళ్ళీ సూదిమొనలా ఉంటుంది. యాసిడ్‌తో తినిపించిన ఎచింగ్ గీతకు చివర మొద్దుగా ఉంటుంది. ఈ రెండు గీతల తేడా ఒక్కసారి కంట్లో పడితే ఇక మర్చిపోరు, బియ్యంలో రాయి కనబడ్డట్టు కనబడుతుంది.

రీస్ట్రైక్ అంటే ముఖం తిప్పుకోనక్కర్లేదు

రీస్ట్రైక్ అనగానే చాలామంది నకిలీ అనుకుంటారు. పలక అసలుదే. చెక్కినవాడి చేతిపని అంతా అందులో ఉంటుంది. కాలమే వేరు.

పిరానేసి అనే ఇటలీ చిత్రకారుడి రోమ్ నగర దృశ్యాలు దీనికి మంచి ఉదాహరణ. ఆయన 1778లో పోయాడు. కొడుకులు పలకల్ని పారిస్ తీసుకెళ్ళి అచ్చులు తీశారు. 1830లలో అక్కడే మరో ప్రచురణకర్త తీశాడు. తర్వాత పలకలు మళ్ళీ రోమ్ చేరాయి, అక్కడా తీశారు. ఇప్పుడు అక్కడి ప్రభుత్వ సంస్థలోనే ఉన్నాయి. అంటే ఒకే బొమ్మకి ఆయన బతికుండగా తీసిన అచ్చూ ఉంది, వందేళ్ళ తర్వాత తీసినదీ ఉంది. పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. రాగి మెత్తని లోహం. ప్రతి అచ్చుకీ గాళ్ళు కొంచెం కొంచెం అరుగుతాయి. ముందు సన్నటి గీతలు మాయమవుతాయి, ఆకాశం ఖాళీ అవుతుంది, నీడలు బూడిదరంగులోకి దిగుతాయి. 19వ శతాబ్దం మధ్య నుంచి రాగి పలక మీద ఇనుము పల్చగా పూత పూయడం మొదలయ్యాక పలకలు ఎక్కువ అచ్చులకు ఆగాయి.

ఇక్కడే చాలామంది పడే గొయ్యి ఒకటుంది. బ్రిటన్‌లో 1735లో వచ్చిన చట్టం ప్రకారం, బొమ్మకి హక్కులు కావాలంటే ప్రచురించిన తేదీ, హక్కుదారు పేరు పలక మీదే చెక్కాలి. బొమ్మ కింద సన్నటి అక్షరాల్లో ఉండేది అదే. షాపాయన దాని మీద వేలు పెట్టి "చూడండి, సంవత్సరం అచ్చయి ఉంది" అంటాడు. ఆ సంవత్సరం పలకది. కాగితం నిన్నటిదైనా అదే సంవత్సరం పడుతుంది. కాబట్టి తేదీ చదివాక చూడవలసింది కాగితం.

అన్ని రీస్ట్రైక్‌లూ అరిగిపోయినవి కూడా కావు. రాక్స్‌బర్గ్ పుస్తకం వెనకున్న జోసెఫ్ బ్యాంక్స్ కథే చూడండి. కెప్టెన్ కుక్ మొదటి సముద్రయానంలో, 1768 నుంచి 1771 వరకు, సేకరించిన మొక్కల బొమ్మల్ని బ్యాంక్స్ ఏడు వందలకు పైగా రాగి పలకల మీద చెక్కించాడు. చెక్కించి, ఆయన జీవితకాలంలో పుస్తకం వెయ్యనే లేదు. 1980లలో ఆ పలకల మీదే, ఒక్కో పలకకు రంగులు చేత్తో అద్ది, వంద సెట్లు తీశారు. అంటే ఆ బొమ్మలు రంగుల్లో అచ్చవడం అదే మొదటిసారి. దాన్ని 'కాపీ' అనగలమా? నేను అనలేను. అలాంటివి దొరికితే, డబ్బుంటే, రెండో ఆలోచన లేకుండా కొనుక్కోవచ్చు.

అసలు ప్రమాదం పాత నకలుతోనే

నా అనుభవంలో జనాన్ని బాగా ముంచేది డిజిటల్ ప్రింట్ కాదు. దాన్ని లూప్ రెండు సెకన్లలో పట్టిస్తుంది. ముంచేది పాత ఫాక్సిమిలీ. ఎందుకంటే దానికీ ఇప్పుడు వయసొచ్చింది. నూట నలభై ఏళ్ళ కిందట పారిస్‌లో అమాం దురాం అనే ఆయన డ్యూరర్, రెంబ్రాంట్ లాంటి పాత యూరప్ చిత్రకారుల బొమ్మల్ని ఫోటో సాయంతో రాగి పలక మీదకి ఎక్కించి అచ్చులు తీశాడు. దీనికీ పలక ఉంది, ప్లేట్ మార్క్ ఉంది, ఉబ్బెత్తు గీత ఉంది, కాగితమూ పాతదే. ఆయన నిజాయితీగా వెనక తన ముద్ర వేసేవాడు. ఆ ముద్రని గీకేస్తే, లేదా వెనక అట్ట అంటించేస్తే, నాలాంటివాడు పట్టుకోవడం కష్టం. పెద్ద పేర్ల జోలికి వెళ్ళేవాళ్ళు మ్యూజియం ప్రతితో గీతగీతా పోల్చి చూసే మనిషిని వెతుక్కోవాలి. లూప్ ఒక్కటే చాలదు.

అమెరికా పక్షుల బొమ్మలు గీసిన ఆడుబాన్ పక్షులు ఇంకో రకం. లండన్‌లో హావెల్ అనే చెక్కేవాడు 1827 నుంచి 1838 వరకు అచ్చేసిన 435 బొమ్మలు, ఒక్కో కాగితం మూడడుగులు దాటి ఉంటుంది. 1971, 72లలో ఆమ్‌స్టర్‌డామ్‌లో అదే సైజులో, మంచి కాగితం మీద, ఆఫ్‌సెట్ పద్ధతిలో 250 సెట్లు తీశారు. వాటిని కాపీ అని చెప్పే అమ్మారు, ఇప్పుడు వాటికీ మంచి ధరే పలుకుతుంది. గొడవల్లా మూడో చేతికో నాలుగో చేతికో వచ్చాక 'ఆమ్‌స్టర్‌డామ్' అన్న మాట రాలిపోవడంతోనే. కాగితాన్ని వెలుగుకు ఎత్తి పట్టి వాటర్‌మార్క్, అంటే కాగితంలోనే ఉండే మిల్లు గుర్తు, చూస్తే తేలిపోతుంది. హావెల్ కాగితంలో 'వాట్‌మన్' అనే మిల్లు పేరు, సంవత్సరం కనబడతాయి. ఆమ్‌స్టర్‌డామ్ కాగితంలో వేరే మిల్లు గుర్తు ఉంటుంది.

ఫ్రాన్సులో పువ్వుల బొమ్మలకి పేరుపడ్డ రెదూతే గులాబీల సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. డెకరేషన్ కోసం ప్రపంచంలో ఎక్కువగా కాపీ కొట్టిన పువ్వుల్లో అవి ముందుంటాయి. క్యాలెండర్లు, చాక్లెట్ డబ్బాలు, టేబుల్ మ్యాట్లు, వదిలిందేదీ లేదు. 1817, 1824 మధ్య వచ్చిన ఒరిజినల్‌ని లూప్‌లో చూస్తే అక్కడా చుక్కలే కనబడతాయి! చూసీ చూడగానే దొంగ సరుకని పారెయ్యకండి. అది స్టిపుల్ పద్ధతి, అంటే పలక మీద గీతలకు బదులు చుక్కలు పొడిచి చేసిన పని. ఆ చుక్కలు ఒకే సైజులో ఉండవు, రేకు వంపును బట్టి దగ్గరవుతూ దూరమవుతూ పోతాయి, ఒక్కో చోట ఒకటే రంగు. ఆఫ్‌సెట్ చుక్క అలా కాదు, గళ్ళ నోటుబుక్కులా వరసలో ఉంటుంది, నాలుగు రంగులు కలిసి చిన్న పువ్వు ఆకారం కడతాయి. ఇంక్‌జెట్‌లో అయితే వరస ఉండదు, రంగు పొడి చల్లినట్టుంటుంది. మా అమ్మమ్మగారి పూజగదిలోని రవివర్మ లక్ష్మి లాంటివి అసలు ఎన్‌గ్రేవింగ్‌లే కావు, రాళ్ళ మీద ఒక్కో రంగుకి ఒక్కోటి చొప్పున గీసి తీసిన లిథోలు. వాటి చుక్కల లెక్క వేరు, దాని గురించి ఇంకోసారి.

షాపులో నిలబడి చూడాల్సినవి

పదిరెట్లు పెద్దదిగా చూపే లూప్ కొనండి. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. లూప్‌ని రంగు మీద కాదు, ముందు నల్లగీత మీద, అక్షరాల మీద పెట్టండి. ఒరిజినల్‌లో రంగు చేత్తో అద్దినదైనా నల్లగీత పలక నుంచి వచ్చినదే, కాబట్టి గీత నిండుగా, తెగకుండా ఉండాలి. స్టిపుల్ పని కానప్పుడు గీతే చుక్కలుగా విడిపోతే అక్కడితో ఆపేయొచ్చు. చేతిరంగు అక్కడక్కడా గీత దాటి పోతుంది, కొన్నిచోట్ల గీత దాకా చేరదు. ఆ చిన్న చిన్న తప్పులే మనకి సాక్ష్యం.

తర్వాత ఫోన్ టార్చ్ వెలిగించి కాగితానికి పక్కనుంచి, దాదాపు అడ్డంగా వేయండి. ప్లేట్ మార్క్ లోయలా కనబడాలి, గీతలు సన్నగా నీడ వెయ్యాలి. ప్లేట్ మార్క్ ఉన్నంత మాత్రాన ఒరిజినల్ కాదు. అచ్చయిన ఆఫ్‌సెట్ కాగితం మీద ఖాళీ పలకతో నొక్కు వేయించి అమ్మేవాళ్ళున్నారు. లేనంత మాత్రాన నకిలీ కూడా కాదు. పుస్తకం బైండు చేసినప్పుడో, ఫ్రేములో పట్టించడానికో అంచులు కోసేసి ఉండొచ్చు.

వెనకవైపు చూడనివ్వకపోతే కొనకండి. ఫ్రేము విప్పనంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. వెనక చూస్తే కాగితం రంగు అసమానంగా, అంచుల్లో ఎక్కువగా, లోపల తక్కువగా మారి ఉండాలి. గోధుమరంగు మచ్చలు కాగితం లోపల్నుంచి పొంగినట్టుంటాయి. అచ్చువేసిన మచ్చలైతే లూప్‌లో అవీ చుక్కలే. వెలుగుకు పట్టుకుంటే పాత కాగితాల్లో కొన్నిటికి వల గీతలు, అంటే కాగితం తయారుచేసిన తీగల జల్లెడ జాడలు, కనబడతాయి. 1750ల తర్వాత గీతల్లేని నున్నటి కాగితం కూడా వచ్చింది కాబట్టి గీతల్లేకపోవడం నేరం కాదు.

ఒక చిన్న యూవీ టార్చ్ కూడా ఉంటే మంచిది. చీకట్లో వేస్తే కొత్త కాగితాలు చాలావరకు తెల్లచొక్కా డిస్కో లైటులో మెరిసినట్టు నీలంగా మెరుస్తాయి. కాగితంలో ఆ తెలుపు మందు కలపడం ఇంచుమించు 1950 తర్వాతి అలవాటు. మెరిస్తే పాతది కాదని దాదాపు ఖాయం. మెరవకపోతే ఏమీ తేలలేదని అర్థం, ఖరీదైన కొత్త ఆర్ట్ పేపర్లు కూడా మెరవవు.

ఇంకొక్క సంగతి, కొలిచే టేపు పట్టుకెళ్ళండి. మ్యూజియాలు తమ ప్రతుల కొలతలు వెబ్‌సైట్లో పెడతాయి. ప్లేట్ మార్క్ కొలత తడి కాగితం ఆరి ముడుచుకోవడం వల్ల కాస్త మారొచ్చు, కానీ రెండు అంగుళాలు మారదు. మా మోదుగ బొమ్మని కొలిచి ఉంటే షాపులోనే దొరికిపోయేది, దాన్ని మామూలు రెడీమేడ్ ఫ్రేము సైజుకి కుదించి వేశారు.

రంగు గురించి ఒక జాగ్రత్త. కేరళ మొక్కల మీద డచ్చివాళ్ళు 1678, 1693 మధ్య వేసిన 'హోర్టస్ మలబారికస్' బొమ్మలు రంగుల్లేకుండానే వచ్చాయి. ఇప్పుడు రంగులతో కనబడితే అది తర్వాత ఎవరో వేసినది. అచ్చు ఒరిజినలే కావచ్చు, రంగు మాత్రం కాదు. ధర ఆ మేరకు తగ్గించి అడగండి.

మరి ఏది తీసుకోవాలి?

గోడకి అందం కావాలంటే నిస్సంకోచంగా డిజిటల్ ప్రింట్. రాక్స్‌బర్గ్ పుస్తకం స్కాన్లు 'బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ' సైటులో ఉచితంగా ఉన్నాయి. మీకు కావలసిన చెట్టు వెతుక్కుని, పెద్ద సైజు ఫైలు దించుకుని, ఊళ్ళో ఫోటో ప్రింట్లు బాగా వేసేవాళ్ళ దగ్గర మ్యాట్ కాటన్ పేపర్ మీద వేయించుకోండి. ప్రింటు కంటే ఫ్రేముకే ఎక్కువవుతుంది. హాల్లో సోఫా పైన, ఎండ పడే గోడ మీద, పిల్లలు బంతాడే చోట పెట్టుకోవాల్సింది ఇదే. రంగు పోతే మళ్ళీ వేయించుకోవచ్చు, టెన్షన్ లేదు. విశాఖ, కాకినాడల లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో, ఏసీ లేని ఇంట్లో, ఒరిజినల్‌ని గోడకి వేలాడదీయడం నాకైతే పాపంలా అనిపిస్తుంది.

చెక్కినవాడి చెయ్యి దగ్గరగా చూడాలనే కోరిక ఉండి, బడ్జెట్ తక్కువైతే రీస్ట్రైక్. అమ్మేవాడు రీస్ట్రైక్ అని తన నోటితో చెప్పి, బిల్లు మీద రాస్తేనే.

వస్తువే కావాలంటే, అంటే ఆ కాలపు కాగితాన్ని చేత్తో పట్టుకోవాలంటే, ఒరిజినల్ కొనండి. కాకపోతే పేరున్న బొమ్మ వద్దు. అందరూ పువ్వులకీ పక్షులకీ పోతారు. గడ్డిపోచలు, గింజలు, నల్లటి చేపలు, వీటి వంక చూసేవాళ్ళు తక్కువ. అదే పుస్తకం, అదే చెక్కడం, ధర చాలా తక్కువ. కాపీ కొట్టేవాడు కూడా అమ్ముడుపోయే బొమ్మనే కొడతాడు, కాబట్టి అందంలేని బొమ్మలో మోసం తక్కువ. ఈ మాట నాకు ఎవరూ ముందే చెప్పలేదు. ఒకటి మాత్రం కొంచెం మనసు కలుక్కుమనే విషయం: ఇలా విడిగా అమ్మే ప్రతి పేజీ ఎక్కడో ఒక నిండు పుస్తకాన్ని చింపినదే. వందేళ్ళ కిందట చిరిగినది కొంటే సరే. బైండింగు దారం ఇంకా తాజాగా వేలాడుతున్న పేజీలు చూపిస్తే నేను కొనను.

పాత ఫాక్సిమిలీ? దాన్ని ఫాక్సిమిలీ ధరకే ఇస్తే తీసుకోండి. లేకపోతే వద్దు.

విదేశాల్లో ఉండి కొనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. వందేళ్ళు దాటిన కళావస్తువు మన దేశంలోకి వచ్చాక 1972 నాటి పురావస్తు చట్టం కిందకి వస్తుంది. మళ్ళీ బయటికి తీసుకెళ్ళడం సొంత ఇష్టం కాదు. డాలస్‌లో కొన్న బొమ్మని అమ్మకి చూపిద్దామని హైదరాబాద్ తేవాలనుకుంటే ముందు నిబంధనలు కనుక్కుని, కొన్న బిల్లు, తెచ్చిన కాగితాలు దాచుకోండి.

ఒరిజినల్ అయితే ఫ్రేములో ప్లైవుడ్, హార్డ్‌బోర్డు నేరుగా తగలకూడదు, సెల్లోటేపు అసలే వద్దు. యాసిడ్ లేని మౌంటు బోర్డు, పైన రెండు చోట్ల సన్న కాగితం ముక్కలు, గోధుమ పిండి జిగురు. అద్దానికీ బొమ్మకీ మధ్య ఖాళీ ఉండాలి. వివరాలు వెనక రాసుకోవాలంటే మెత్తని పెన్సిల్‌తో, అంచున.

మా మోదుగ బొమ్మ వెనక కూడా అలాగే పెన్సిల్‌తో 'ఆఫ్‌సెట్ కాపీ' అని రాశాను. మొన్న బాబాయి చూసి, "పెన్సిల్ చెరిపేస్తారు రా, నీ తర్వాత ఎవడో మళ్ళీ ఒరిజినల్ అని అమ్ముతాడు. ఇంకుతో రాయి" అన్నాడు. మార్కర్ తెచ్చి పెద్దక్షరాలతో దిద్దాను.